చిగుళ్ళ జబ్బు, కట్టుడు పళ్ళు: దాతలకు నాలుగు మాటలు

మేడ్చల్ దగ్గర మా బడిలో ఆయాగా పనిచేసే ఖాలా ఒకరు రొట్టె నమలలేక చాయ్‌లో ముంచుకుని తినడం మూడేళ్ళ క్రితం మా కంటపడింది. ఆమెకు యాభై కూడా నిండలేదు. పైవరుసలో నాలుగు పళ్ళు అప్పటికే ఊడాయి, కిందివి కదులుతున్నాయి. డాక్టరుకు చూపించమంటే, "క్లీనింగ్ చేపిస్తే పళ్ళు లూజైతయంట గద సార్, ఉన్నవి కూడా పోతయి" అంది. శామీర్‌పేట వైపు నుంచి వచ్చే పిల్లల తల్లిదండ్రులూ ఇదే మాట అంటారు. చదువుకున్న మేము కూడా చాలాకాలం అదే నమ్మాము. దంత సహాయానికి చేయిచాచి అడిగేముందు, ఆ డబ్బు ఎక్కడ ఎలా పనికివస్తుందో దాతలకు చెప్పడం మా బాధ్యత అనుకున్నాము.

పంటి మీద రోజూ చేరే మెత్తని పాచి క్రిముల పొర. బ్రష్షుతోనో పుల్లతోనో తోమితే పోతుంది. వదిలేస్తే ఉమ్మిలోని ఖనిజాలతో కలిసి రాయిలా గట్టిపడుతుంది. దానినే గార అంటాము. గార పట్టాక ఇంట్లో ఎంత తోమినా రాదు. చిగురు వాచి, తోముకునేటప్పుడు రక్తం కనిపిస్తుంది. చాలామందికి ఈ దశలో నొప్పి ఉండదు కనుక ఎవరూ పట్టించుకోరు. అప్పుడే శుభ్రం చేయిస్తే చిగురు మళ్ళీ మామూలవుతుంది. ఆలస్యమైతే చిగురు పంటిని వదిలి సంచిలా తెరుచుకుంటుంది, అడుగున దవడ ఎముక కరుగుతుంది. కరిగిన ఎముక దానంతటది తిరిగి పెరగదు. డాక్టరు గీతలున్న సన్నని కడ్డీతో ఆ సందు లోతు కొలుస్తారు. 3 మిల్లీమీటర్ల వరకు మామూలే, అంతకు మించితే జాగ్రత్త పడాలి. జబ్బు ముదిరినవారు ప్రపంచంలో వంద కోట్లకు పైనే ఉన్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో అంచనా వేసింది.

ఇక ఖాలా భయం సంగతి. ఏళ్ళ తరబడి పేరుకున్న గార పళ్ళ సందులను పూడ్చేసి ఉంటుంది. దానిని తీయగానే సందులు బయటపడతాయి, వాపు తగ్గి చిగురు కుదించుకుంటుంది, కొన్నాళ్ళు చల్లని నీళ్ళు తగిలితే జివ్వుమంటుంది. చూసినవాళ్ళు నేరం క్లీనింగ్ మీద వేస్తారు. నిజానికి పళ్ళను కదిలించింది అంతకుముందే కరిగిపోయిన ఎముక.

మొదటి దశకు స్కేలింగ్ అనే మామూలు క్లీనింగ్ చాలు. జబ్బు లోపలికి దిగితే మత్తు ఇంజెక్షన్ ఇచ్చి వేళ్ళ మీది గార కూడా గీకి తీస్తారు. దీనికి రెండు మూడుసార్లు వెళ్ళాల్సిరావచ్చు. కొన్ని వారాల తర్వాత మళ్ళీ కొలిచి, లోతు తగ్గకపోతే చిగురు తెరిచి చిన్న ఆపరేషన్ చేస్తారు. కొందరికి ఎముక పొడి కూడా పెడతారు, అది అందరికీ కుదరదు. మందులషాపులో కొన్న పుక్కిలించే మందు, బిళ్ళలు గారను తీయవు. షుగర్ అదుపులో లేకపోతే చిగుళ్ళు మానవు, చిగుళ్ళ జబ్బు ఉంటే షుగర్ అదుపు కావడమూ కష్టమే. బీడీ, సిగరెట్ తాగేవారికి రక్తం తక్కువగా కారుతుంది, అందుకని బాగానే ఉందనుకుంటారు. జర్దా, గుట్కా సంగతి వేరే చెప్పాలా!

మిస్వాక్ వాడేవాళ్ళం గనుక మనకీ బాధ లేదనేవారున్నారు. సరిగా వాడితే మంచిదే, పాచిని తీస్తుంది. కానీ లోపలివైపు, దవడ పళ్ళ వెనుక పుల్ల అందదు. ముందు పళ్ళే రుద్ది వదిలేస్తే సగం పనే అయినట్టు.

ఊడిన పళ్ళకు మూడు దారులు. తీసిపెట్టుకునే కట్టుడు పళ్ళు ఖర్చు తక్కువ. రాత్రి తీసి నీళ్ళలో ఉంచాలి, దవడ అరిగేకొద్దీ మధ్యలో సరిచేయించాలి. బ్రిడ్జి కదలదు, అయితే పక్కనున్న మంచి పళ్ళను అరగదీయాలి. మూడోది ఇంప్లాంట్, అంటే ఎముకలో బిగించే టైటానియం మేకు. 1965లో స్వీడన్‌లో బ్రోనెమార్క్ దీనిని మొదటిసారి ఒక రోగికి అమర్చారు. ఎముకతో కలవడానికి సాధారణంగా కొన్ని నెలలు పడుతుంది. చిగుళ్ళ జబ్బు నయం కాకుండా పెడితే దాని చుట్టూ కూడా అదే జబ్బు వస్తుంది.

దాతలు ఎక్కువగా కట్టుడు పళ్ళకో ఇంప్లాంట్‌కో ఇస్తామంటారు. అది సహజం, నవ్వితే కనిపించే సాయం కదా. కానీ ఒక్క ఇంప్లాంట్ ఖర్చుతో ఎందరికో క్లీనింగ్ చేయించవచ్చు. సూరారంలో, చెన్నాపూర్ వైపు దంత వైద్య కళాశాలలు ఉన్నాయి, అఫ్జల్‌గంజ్‌లో ప్రభుత్వ దంత ఆసుపత్రి ఉంది. కళాశాలల్లో విద్యార్థులు అధ్యాపకుల పర్యవేక్షణలో చేస్తారు కనుక ప్రైవేటు క్లినిక్ కంటే ఖర్చు సాధారణంగా తక్కువ. కూలి పనివారికి అసలు భారం ఆటో కిరాయి, పోయిన రోజు కూలి. విరాళంలో కొంత వీటికి కూడా కేటాయించమని మా మనవి. రంజాన్‌లో చాలామంది చికిత్స వాయిదా వేస్తారు కాబట్టి షాబాన్‌లోనే తీసుకువెళ్తే మేలు.

ఖాలాను మేమే వెంటబెట్టుకుని వెళ్ళాము. రెండు పళ్ళు నిలవలేదు, తీసేశారు. మిగతావి లోతుగా శుభ్రం చేశాక గట్టిపడ్డాయి, పైన కట్టుడు పళ్ళు పెట్టారు. మూడు నెలలకోసారి చూపించుకోమన్నారు. ఆ రోజు బడి గంట మేమే కొడతాము.