భయం నుండి భాగస్వామ్యానికి: జాంబీ అభిమాన సమ్మేళనాలు, బోర్డ్ గేమ్‌లు – ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:

భయానక కథలను, చిత్రాలను ఇష్టపడేవారిని వికృతాభిరుచి కలవారిగా భావించడం చాలా సమాజాలలో కనిపిస్తుంది. ఆ అభిమానులు తమ ఇష్టంతో ఏం చేస్తున్నారన్న ప్రశ్నకు విమర్శలో తగినంత చోటు దక్కలేదు. 1968లో అమెరికాలో విడుదలైన ‘నైట్ ఆఫ్ ది లివింగ్ డెడ్’ చిత్రం చుట్టూ ఏర్పడిన అభిమాన సంస్కృతి, దానికి కొనసాగింపుగా వచ్చిన సమ్మేళనాలు, జాంబీ బోర్డ్ గేమ్‌లు ఆధారంగా ఆ ప్రశ్నను పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. ప్రేక్షకుడు ఒంటరిగా పొందే భయాన్ని అభిమాన సమాజం పదిమంది కలిసి చేసే పనిగా మారుస్తుందన్నది ఇందులోని ప్రతిపాదన.

కీలకపదాలు: భయానకరసం, అభిమాన సంస్కృతి, జాంబీ, సమ్మేళనం, బోర్డ్ గేమ్, క్షుద్రసాహిత్యం.

1. ఉపోద్ఘాతం:

లోకంలో భయం దుఃఖహేతువు. కోరి భయపడేవారు ఉండరు. అయినా భయపెట్టే కథను డబ్బిచ్చి కొని చదువుతారు, చూస్తారు. ఈ వైరుధ్యాన్ని భారతీయ ఆలంకారికులు ఏనాడో గుర్తించారు. భరతుని నాట్యశాస్త్రం భయం స్థాయిభావంగా భయానకరసాన్ని, జుగుప్స స్థాయిభావంగా బీభత్సరసాన్ని పేర్కొంది. రంగస్థలంపై కనిపించే భయం ‘నాది’, ‘ఇతరులది’ అనే సంబంధాన్ని వీడి సర్వసాధారణమైనప్పుడు ఆస్వాద్యమవుతుందని భట్టనాయకుడు సాధారణీకరణం ద్వారా వివరించాడు. 1990లో వెలువడిన ‘ది ఫిలాసఫీ ఆఫ్ హారర్’ గ్రంథంలో నోయెల్ కారొల్ కూడా, భయాన్నీ జుగుప్సనూ కలిగించే కళను మనుషులు ఎందుకు వెతుక్కుంటూ వెళతారన్న ప్రశ్ననే చర్చించాడు.

ఈ వివరణలన్నీ ఒక రచన, దాని ఎదుట ఒక సహృదయుడు అనే చిత్రాన్ని ఆధారం చేసుకున్నవి. ప్రదర్శన ముగిసి ఇంటికి వెళ్లాక ఆ సహృదయుడు ఏం చేస్తాడన్నది వాటి పరిధిలో లేదు. అభిమాన సంస్కృతి అధ్యయనం మొదలయ్యేది అక్కడినుండే.

2. నిషేధాల నీడలో అభిమానులు:

భయానక సాహిత్యం మీద అనుమానం కేవలం అభిప్రాయంగా మిగిలిపోలేదు, నియమంగానూ మారింది. అమెరికాలో కామిక్ పుస్తకాలు పిల్లలను చెడగొడుతున్నాయన్న ఆందోళన పెరిగాక, 1954లో ప్రచురణకర్తలు తమకు తామే ఒక నియమావళిని విధించుకున్నారు. నడిచే శవాలు, రక్తపిశాచాలు అందులో నిషిద్ధ విషయాలు. 1971లో నియమాలను సడలించినప్పుడు రక్తపిశాచాలకు అనుమతి దొరికింది గాని జాంబీలకు దొరకలేదు. బ్రిటన్‌లో భయానక వీడియోల మీద చెలరేగిన ఆందోళన 1984లో వీడియో రికార్డింగుల చట్టానికి దారితీసింది.

ఈ వాతావరణంలోనే 1958లో జేమ్స్ వారెన్ ప్రచురణకర్తగా, ఫారెస్ట్ జె. ఆకర్‌మన్ సంపాదకుడిగా ‘ఫేమస్ మాన్‌స్టర్స్ ఆఫ్ ఫిల్మ్‌ల్యాండ్’ పత్రిక ప్రారంభమైంది. పాత భయానక చిత్రాల విశేషాలు, వేషధారణ రహస్యాలు, పాఠకుల ఉత్తరాలు అందులో ఉండేవి. తన ఊళ్లో తానొక్కడే ఇలాంటివి ఇష్టపడుతున్నానని సిగ్గుపడే బాలునికి, తనలాంటివారు ఇంకా ఉన్నారని ఆ ఉత్తరాల పుటలు తెలియజేశాయి. అభిమాన సమాజానికి పునాది ఈ గుర్తింపే. ఆ పత్రిక పేరిట 1974లో న్యూయార్క్‌లో సమ్మేళనం జరిగింది. 1991లో నాష్‌విల్‌లో ప్రపంచ హారర్ సమ్మేళనం మొదలైంది.

3. హక్కుల ముద్ర లేని చిత్రం:

జాంబీ భావన మూలాలు హైతీ దేశపు విశ్వాసాలలో ఉన్నాయి. అక్కడి జాంబీ ఎవరినీ తినదు. మాంత్రికుని వశమై, మరణానంతరం కూడా ఊడిగం చేసే దేహం అది. బానిసత్వపు జ్ఞాపకం ఆ రూపంలో నిలిచి ఉంది. 1932లో వచ్చిన ‘వైట్ జాంబీ’ చిత్రం ఈ రూపాన్నే అనుసరించింది.

జార్జ్ ఎ. రొమెరో దర్శకత్వంలో, సుమారు 1,14,000 డాలర్ల వ్యయంతో నిర్మించిన ‘నైట్ ఆఫ్ ది లివింగ్ డెడ్’ 1968 అక్టోబరు 1న పిట్స్‌బర్గ్‌లో తొలిసారి ప్రదర్శితమైంది. ఇందులో మాంత్రికుడు లేడు, యజమాని లేడు. చనిపోయినవారే లేచి బతికినవారిని తింటారు. ఆ చిత్రంలో వారిని జాంబీలని పిలవనే లేదు. ఆ పేరు ప్రేక్షకులు, విమర్శకులు తరువాత స్థిరపరచినది.

ఈ చిత్ర చరిత్రలో ఒక పొరపాటు నిర్ణాయకమైంది. విడుదలకు ముందు పేరు మార్చినప్పుడు, పాత పేరుతో పాటు ఉన్న హక్కుల ప్రకటన కొత్త శీర్షిక ఫలకంలో చేరలేదు. నాటి అమెరికా చట్టం ప్రకారం ఆ ప్రకటన లేని చిత్రం ప్రజల ఉమ్మడి ఆస్తి అవుతుంది. నిర్మాతలకు దీనివల్ల కలిగిన నష్టం పెద్దది. కాని ఎవరైనా ప్రదర్శించగలిగే, ప్రతులు తీయగలిగే చిత్రంగా అది దేశమంతా తిరిగింది. జానపద కథకు కర్త తెలియనట్లు, జాంబీకి యజమాని లేకుండా పోయాడు. కథలోనూ యజమానిని కోల్పోయిన ఈ రూపం చట్టంలోనూ యజమానిని కోల్పోవడం గమనార్హం. అభిమానులు దానిని ధైర్యంగా చేతిలోకి తీసుకోవడానికి ఈ స్వేచ్ఛ తోడ్పడింది.

4. సమ్మేళనం – స్మృతిస్థల రక్షణ:

హారర్ సమ్మేళనంలో సాధారణంగా నటీనటులతో, సాంకేతిక నిపుణులతో ముఖాముఖి, చిత్ర ప్రదర్శనలు, వేషధారణ పోటీలు, పాత ప్రతుల అమ్మకాలు ఉంటాయి. సంతకాలకూ ఫొటోలకూ రుసుము చెల్లించవలసి రావడం సాధారణం. కనుక ఇదంతా వ్యాపారమే అన్న విమర్శలో కొంత నిజముంది. అయితే వ్యాపారం ఒక్కటే అయితే వివరించలేని విషయాలూ ఉన్నాయి.

రొమెరో తరువాతి జాంబీ చిత్రం ‘డాన్ ఆఫ్ ది డెడ్’ (1978) పిట్స్‌బర్గ్ సమీపంలోని మన్రోవిల్ మాల్‌లో, దుకాణాలు మూసిన తరువాత రాత్రివేళల్లో చిత్రీకరించబడింది. జాంబీలుగా నడిచినవారిలో స్థానికులు అనేకులు. అంటే ఈ అభిమాన సమాజంలో నటునికీ ప్రేక్షకునికీ మధ్య గీత మొదటినుండీ పలుచనే. తరువాతి కాలంలో ఆ మాల్‌కు వచ్చిన అభిమానులు చూసినది కేవలం ఒక భవనం కాదు, తమవంటి సామాన్యులు కథలోకి నడిచి వెళ్లిన చోటు.

ఇంకా బలమైన ఉదాహరణ ఎవాన్స్ సిటీ శ్మశానవాటికలోని చిన్న ప్రార్థనాలయం. మొదటి చిత్రం ఆరంభ సన్నివేశాలలో కనిపించే ఆ కట్టడం శిథిలమై 2011 నాటికి కూల్చివేతకు సిద్ధమైంది. ఆ చిత్రానికి పనిచేసిన గ్యారీ స్ట్రైనర్ చొరవతో అభిమానులు విరాళాలు సేకరించి దానిని బాగుచేయించారు. శవాలు లేచి నడిచే కథను ప్రేమించినవారు నిజమైన మృతులు విశ్రమించే చోట ఒక ప్రార్థనాలయాన్ని నిలబెట్టారు. భయానకాన్ని ఇష్టపడేవారికి మృతులపట్ల గౌరవం ఉండదన్న అభిప్రాయానికి ఇంతకంటె సూటియైన సమాధానం అరుదు.

5. నియమావళిగా మారిన భయం:

సమ్మేళనం ఏడాదికి ఒకటి రెండు రోజులు. బోర్డ్ గేమ్ ఏ ఆదివారమైనా ఇంటి బల్ల మీదే సాధ్యం. జాంబీ కథకు బోర్డ్ గేమ్ రూపం ఎందుకు నప్పిందో తెలుగువారికి పులిజూదం ద్వారా సులభంగా తెలుస్తుంది. అందులో మేక ఒంటరిగా బలహీనం, మంద కట్టి పులిని కదలనీయకుండా బంధిస్తుంది. జాంబీ బలమూ అటువంటిదే. ఒక్కదానిని తప్పించుకోవచ్చు, గుంపును తప్పించుకోలేము. తేడా ఒక్కటే. పులిజూదంలో మేకలను ఒక మనిషి ఆడిస్తాడు. నేటి జాంబీ ఆటలలో అనేకం గుంపును పాచికలకో కార్డులకో అప్పగిస్తాయి. ఎదుట ప్రత్యర్థి మనసు లేదు, నియమం మాత్రమే ఉంది. బతిమాలడానికి, మోసగించడానికి వీలులేని శత్రువు ఇలా తయారవుతుంది.

‘డాన్ ఆఫ్ ది డెడ్’ ఆధారంగా 1978లోనే ఎస్‌.పి.ఐ. సంస్థ ఒక బోర్డ్ గేమ్ విడుదల చేసింది. ఆ తరువాతి ఆటలలో మూడింటిని పోల్చితే భయం స్వభావంలో ఒక పరిణామం కనిపిస్తుంది.

మొదటిది 2001 నాటి ‘జాంబీస్!!!’. ఆటగాళ్లు పలకలు పేర్చుతూ నగరాన్ని నిర్మిస్తారు. హెలికాప్టర్ దిగే చోటికి ముందుగా చేరి అక్కడి జాంబీలను తొలగించినవారు, లేదా 25 జాంబీలను చంపినవారు విజేతలు. ప్రతి ఆటగాడూ తన వంతులో పాచిక వేసి అన్ని జాంబీలను కదపవచ్చు. కాబట్టి వాటిని పొరుగువాడి మీదికి తోలడమే యుక్తి. ఇక్కడ ఎవరి ప్రాణం వారిది.

రెండవది 2012లో ప్రజల ముందస్తు చందాలతో వెలువడిన ‘జాంబిసైడ్’. దాని మొదటి ప్రచారంలోనే 7,80,000 డాలర్లకు పైగా సమకూరాయి. ఒక వస్తువు మార్కెట్‌లోకి రాకముందే అభిమానులు దాని పెట్టుబడిదారులు కావడం ఇందులోని కొత్తదనం. ఆటలో అందరూ ఒకే పక్షం. అయితే ఒకడు జాంబీలను చంపుతూ అనుభవం పెంచుకున్న కొద్దీ ప్రమాద స్థాయి పెరిగి, అందరి మీదికీ మరిన్ని జాంబీలు వస్తాయి. ఒకరి పరాక్రమం మిగిలినవారికి ముప్పు అవుతుంది. తొందరపడే వీరుణ్ణి తక్కినవారు వారించక తప్పదు.

మూడవది 2014 నాటి ‘డెడ్ ఆఫ్ వింటర్’. చలికాలంలో ఆశ్రయం పొందిన బృందానికి ఒక ఉమ్మడి లక్ష్యం, ప్రతి ఆటగాడికీ ఒక రహస్య లక్ష్యం ఉంటాయి. వారిలో ఒక ద్రోహి ఉండవచ్చు, లేకపోవచ్చు. సంక్షోభం వచ్చినప్పుడు అందరూ కార్డులను బోర్లించి సమర్పిస్తారు. ఎవరు ఆహారం ఇచ్చారో, ఎవరు పనికిరానిది వేశారో తెలియదు. అనుమానం బలపడితే ఓటు వేసి ఒకరిని వెలివేయవచ్చు. నిర్దోషిని వెలివేసే అవకాశమూ ఉంది. ఈ ఆటలో జాంబీ దాదాపు నేపథ్యం. భయస్థానం పక్కన కూర్చున్న స్నేహితుడు. రొమెరో మొదటి చిత్రంలోనూ ఇంట్లో చిక్కుకున్నవారిని బయటి శవాలతో పాటు వారిలో వారి తగవులే దెబ్బతీశాయి. చిత్రంలో మనం చూసిన ఆ తగవు ఆటలో మన నోటినుండే వస్తుంది.

6. రససిద్ధాంతానికి ఎదురయ్యే ప్రశ్న:

ఇక్కడ సాధారణీకరణ భావనకు ఒక పరీక్ష ఎదురవుతుంది. ప్రేక్షకునికి భయం ‘నాది’ కాకపోవడం వల్లనే ఆస్వాద్యం. ఆటగాడికి ఓటమి తనదే, తప్పుడు నిర్ణయం తనదే. అతడు ఏకకాలంలో నటుడు, సామాజికుడు, కొంతవరకు కవి కూడా. అయినా అతడు పొందేది లౌకిక భయం కాదు. పెట్టె మూసి టీ తాగుతూ, ఎవరి వల్ల ఓడిపోయామో నవ్వుతూ చర్చించుకుంటాడు. ఆటలో సాధారణీకరణం ఆ చర్చలో, అంటే అనుభవం కథగా మారినప్పుడు పూర్తవుతుందని భావించవచ్చు. ఆ కథకు శ్రోతలు తోటి ఆటగాళ్లే.

ఈ అభ్యాసం వృథా కాదని సూచించే పరిశోధన ఒకటుంది. కోవిడ్ కాలంలో కోల్టన్ స్క్రివ్నర్, మథియాస్ క్లాసెన్ తదితరులు చేసిన అధ్యయనంలో, హారర్ అభిమానులలో మానసిక ఒత్తిడి తక్కువగా కనిపించింది. జాంబీ తరహా విపత్తు చిత్రాల అభిమానులలో సంసిద్ధత కూడా ఎక్కువగా కనిపించింది. ఇది సహసంబంధమే తప్ప కార్యకారణ నిరూపణ కాదు. అయినా హారర్ ఇష్టాన్ని రోగలక్షణంగా చూసే దృష్టిని పునఃపరిశీలించడానికి ఇది చాలు.

7. తెలుగు సందర్భం:

ప్రశాంత్ వర్మ దర్శకత్వంలో 2021లో వచ్చిన ‘జాంబీ రెడ్డి’ ఈ రూపాన్ని కర్నూలు ప్రాంతపు ముఠాకక్షల కథతో కలిపింది. అందులో కథానాయకుడు వీడియో గేమ్‌ల రూపకర్త కావడం యాదృచ్ఛికం కాకపోవచ్చు. జాంబీ మనదాకా వచ్చిన దారుల్లో ఆట ఒకటి.

అంతకుముందే మనకు భయానక పాఠక సమాజం ఉంది. యండమూరి వీరేంద్రనాథ్ ‘తులసిదళం’ వంటి నవలలపై ‘క్షుద్రసాహిత్యం’ అన్న ముద్రతో తీవ్రమైన వాదోపవాదాలు జరిగాయి. ఆ చర్చ ప్రధానంగా రచనల మంచిచెడ్డల మీద, రచయితల బాధ్యత మీద సాగింది. అద్దె పుస్తకాల షాపుల నుండి నవల తెచ్చుకొని, రాత్రి చదివి, మర్నాడు కళాశాలలో స్నేహితులకు కథ చెప్పిన పాఠకులు ఆ చర్చలో బాధితులుగా తప్ప వ్యక్తులుగా కనిపించరు.

8. ముగింపు:

పై పరిశీలన వల్ల తేలిన అంశాలు ఇవి:

- హారర్ అభిమాన సమాజం నిషేధం, చిన్నచూపుల మధ్య పరస్పర గుర్తింపు కోసం ఏర్పడింది.
- జాంబీకి యజమాని లేకపోవడం అభిమానుల పునఃసృష్టికి తోడ్పడింది.
- బోర్డ్ గేమ్‌లు భయాన్ని దృశ్యం నుండి నిర్ణయానికి, శత్రువు నుండి సహచరునికి మళ్లించాయి.
- ఆటగాణ్ణి వివరించడానికి సహృదయ భావనను విస్తరించవలసి ఉంది.

ఎవాన్స్ సిటీ అభిమానులు కూలిపోయేలోగా ఒక కట్టడాన్ని కాపాడుకున్నారు. తెలుగు భయానక నవలల తొలి పాఠకులు ఇప్పుడు వయసు మీరినవారు. అద్దె పుస్తకాల షాపులు చాలావరకు మూతపడ్డాయి. ఆ పాఠకులు ఏం చదివారో, ఎవరితో పంచుకున్నారో, ఎందుకు భయపడ్డారో వారి నోటినుండే నమోదు చేయడం తెలుగు పరిశోధకులు వెంటనే చేపట్టవలసిన పని.