ఊరికో రుచి: జపాన్ బీర్ల వెనకున్న విజ్ఞానం

జపాన్‌లో రాత్రింబవళ్లు తెరిచి ఉండే చిన్న దుకాణాలను కొంబిని అంటారు. అక్కడి చల్లటి అరల్లో ఒకే సైజు డబ్బాలు వరసగా ఉంటాయి. చూడటానికి అన్నీ బీర్లే. దగ్గరికెళ్లి చూస్తే ఒకదాని మీద బీరు అని, పక్కదాని మీద హప్పోషు అని చిన్న అక్షరాలు కనిపిస్తాయి. ధర వేరు, రుచీ వేరు. అదే రైలెక్కి ఇంకో జిల్లాకు వెళ్తే అక్కడి దుకాణంలో ఆ ఊరి బీరు ఉంటుంది. దాని వాసనే వేరు.

ఉద్యోగం కోసం వచ్చి ఇక్కడ స్థిరపడ్డాక, ఏ ఊరికి వెళ్లినా ఆ ఊళ్లో తయారైన బీరు కొద్దిగా రుచి చూడటం నాకు అలవాటైంది. రుచి చూసిన ప్రతిసారీ, ఇది ఇలా ఎందుకుందని వెతకడం అంతకంటే ఇష్టమైన అలవాటు. ఈ రుచుల్లో ఏదీ గాలివాటంగా వచ్చింది కాదు. గింజ, నీరు, హాప్స్, ఈస్ట్ ఒక ఎత్తయితే, పన్నుల చట్టం ఇంకో ఎత్తు.

మొలకతో మొదలు

బార్లీ గింజలో ఎక్కువగా ఉండేది పిండిపదార్థం. ఈస్ట్ దాన్ని నేరుగా తినలేదు, దానికి చక్కెర కావాలి. అందుకే గింజను నానబెట్టి మొలకెత్తిస్తారు. మొలక వచ్చేటప్పుడు పిండిని చక్కెరగా మార్చే అమైలేజ్ ఎంజైములు సిద్ధమవుతాయి. ఆ దశలో ఎండబెట్టి మొలకను ఆపేస్తే అదే మాల్ట్. మన ఇళ్లలో రాగులు మొలకెత్తించి, ఎండబెట్టి, వేయించి పిండి పట్టిస్తాం. మామూలు రాగిజావ కంటే ఆ పిండితో కాచిన జావ పల్చగా, కాస్త తియ్యగా ఉండటానికి కారణం ఈ ఎంజైములే.

మాల్ట్‌ను బరకగా మరపట్టి వేడినీళ్లలో కలుపుతారు. 60 నుంచి 65 డిగ్రీల సెల్సియస్ దగ్గర బీటా అమైలేజ్ చురుగ్గా పనిచేసి మాల్టోజ్ అనే చక్కెరను తయారుచేస్తుంది. వేడి 70 డిగ్రీల వైపు వెళ్తే ఆల్ఫా అమైలేజ్‌ది పైచేయి అవుతుంది, డెక్స్‌ట్రిన్లు అనే పిండి ముక్కలు ఎక్కువ మిగులుతాయి. మాల్టోజ్‌ను ఈస్ట్ తినేస్తుంది. డెక్స్‌ట్రిన్లను చాలావరకు అలాగే వదిలేస్తుంది. ఒక బీరు నోటినిండా చిక్కగా అనిపించడానికీ, ఇంకొకటి తేలిగ్గా గొంతు దిగిపోవడానికీ ఈ కొద్ది డిగ్రీల తేడా ఒక ముఖ్య కారణం.

తర్వాత ఆ తియ్యటి ద్రవాన్ని వడగట్టి హాప్స్ పువ్వులతో మరిగిస్తారు. హాప్స్‌లోని ఆల్ఫా ఆమ్లాలు ఆ వేడికి నిర్మాణం మార్చుకుని ఐసో ఆల్ఫా ఆమ్లాలవుతాయి. బీరులోని చేదు ప్రధానంగా వాటిదే. బార్లీ ప్రొటీన్లతో కలిసి నురుగును నిలబెట్టేదీ అవే. జపాన్‌లో ఏడు వంతుల బీరుకు మూడు వంతుల నురుగు ఉండేలా గ్లాసులో పోస్తారు. ఆ నురుగు మూతలా పనిచేసి బీరుకు గాలి తగలడాన్ని, కార్బన్ డయాక్సైడ్ త్వరగా పోవడాన్ని తగ్గిస్తుంది.

చలి నేర్పిన బీరు, తీపి మిగలని బీరు

జపాన్‌లో పెద్ద కంపెనీల బీర్లు దాదాపు అన్నీ లాగర్లే. లాగర్ ఈస్ట్ పేరు శాకరోమైసెస్ పాస్టోరియానస్. ఇది రెండు జాతుల సంకరం. ఒకటి రొట్టెకూ, ఏల్ బీరుకూ వాడే శాకరోమైసెస్ సెరివిసియే. రెండోది చలిని తట్టుకునే శాకరోమైసెస్ యూబయానస్. ఈ రెండోదాన్ని శాస్త్రవేత్తలు 2011లో అర్జెంటీనాలోని పటగోనియా అడవుల్లో గుర్తించారు. ఏల్ ఈస్ట్ 20 డిగ్రీల చుట్టుపక్కల చకచకా పనిచేస్తే, లాగర్ ఈస్ట్ 10 డిగ్రీల చలిలో నిదానంగా పులియబెడుతుంది. ఆ తర్వాత కూడా బీరును వారాల తరబడి చల్లగా ఉంచాలి.

శీతల యంత్రాలు అందుబాటులో లేని రోజుల్లో ఇంత చలి ఎక్కణ్నుంచి తేవాలి? హొక్కైదో దీవిని అభివృద్ధి చేయడానికి మేజీ ప్రభుత్వం ఏర్పాటుచేసిన శాఖ మొదట టోక్యోలో బీరు కర్మాగారం పెట్టాలనుకుంది. అధికారి మురహషి హిసనరి ఉత్తరాన ఉన్న సప్పోరోయే సరైన చోటని పట్టుబట్టాడు. అక్కడ మంచుగడ్డలకు కొదవలేదు. జర్మనీలో బీరు తయారీ నేర్చుకుని వచ్చిన నకగావ సెయిబె చేతుల మీదుగా 1876లో ఆ కర్మాగారం మొదలైంది. నేటి సప్పోరో బీరుకు మూలం అదే.

ఈ దేశపు రుచిని బాగా మార్చిన మరో సంవత్సరం 1987. ఆ ఏడాది అసాహి కంపెనీ సూపర్ డ్రై తెచ్చింది. చక్కెరలను బాగా పులియబెట్టగల ఈస్ట్ రకాన్ని ఎంచుకుని, మాల్ట్‌తో పాటు బియ్యం, మొక్కజొన్న, పిండి కలిపి, చివరికి తీపి చాలా తక్కువ మిగిలేలా చూశారు. ఇలా తీపి వదలకుండా నాలుకను శుభ్రం చేసిపోయే రుచిని కరకుచి అంటారు. చేపలు, నూనెలో వేయించిన పదార్థాల పక్కన అది చక్కగా ఇమిడింది. మిగతా కంపెనీలూ వెంటనే అదే బాట పట్టాయి.

చట్టం కలిపిన రుచి

1994 వరకు జపాన్‌లో బీరు లైసెన్సు కావాలంటే ఏడాదికి కనీసం 2,000 కిలోలీటర్లు, అంటే 20 లక్షల లీటర్లు తయారుచేయాలి. ఊరిస్థాయి వ్యాపారికి అది అసాధ్యం. ఆ ఏడాది ప్రభుత్వం ఆ హద్దును 60 కిలోలీటర్లకు దించింది. దాంతో సాకే అనే బియ్యపు మద్యం తయారుచేసే కుటుంబాలు, హోటళ్లవాళ్లు, రైతులు సొంత బీర్లకు దిగారు. ఊరి బీరు అనే అర్థంలో వాటికి జిబీరు అని పేరొచ్చింది. నీగాతా జిల్లాలోని ఎచిగో బీరు వాటిలో మొదటిది.

ఇక పన్ను సంగతి. అప్పట్లో నీటిని మినహాయించి ముడిసరుకుల్లో సుమారు మూడింట రెండు వంతులు మాల్ట్ ఉంటేనే బీరు, దానికి పన్ను ఎక్కువ. మాల్ట్ తగ్గితే అది హప్పోషు, పన్ను తక్కువ. కంపెనీల పరిశోధనశాలలు ఈ సందులోకే దూరాయి. కానీ మాల్ట్ తగ్గిస్తే రెండు చిక్కులు వస్తాయి. ఈస్ట్ పెరగడానికి కావలసిన అమైనో ఆమ్లాలు తగ్గిపోతాయి, నురుగును నిలబెట్టే ప్రొటీన్లూ తగ్గుతాయి. సప్పోరో కంపెనీ మాల్ట్ బొత్తిగా వాడకుండా బఠాణీ ప్రొటీన్‌తో డ్రాఫ్ట్ వన్ తయారుచేసి 2004లో దేశమంతటా అమ్మింది. మరుసటి ఏడాది కిరిన్ సోయా ప్రొటీన్‌తో నొదొగోషి తెచ్చింది. పన్ను తప్పించుకోవడానికి పుట్టిన ఆలోచనే అయినా, బార్లీ చేసే పనిని పప్పుగింజతో చేయించడం నిజమైన జీవరసాయన విజయం. రుచి మాత్రం పల్చబడింది. బార్లీ నుంచి వచ్చే నిండుదనం వాటిలో నాకు దొరకలేదు.

చట్టంలోని ఇంకో గీత చిన్న బ్రూవరీల మీద పడింది. హప్పోషు లైసెన్సుకు ఏడాదికి 6 కిలోలీటర్లు చాలు. మాల్ట్ ఎంత ఉన్నా, బీరుకు చట్టం అనుమతించని పదార్థం కలిపితే అదీ హప్పోషు కిందికే వస్తుంది. అందుకే చాలామంది చిన్న తయారీదారులు హప్పోషు లైసెన్సే తీసుకుని, మాల్ట్ పుష్కలంగా వేసి, పండో మసాలా దినుసో కలిపి అమ్ముతారు. ధనియాలు, నారింజ తొక్క వేసే బెల్జియం తరహా గోధుమ బీరు సైతం ఎంత మేలైనదైనా 2018 వరకు ఇక్కడ హప్పోషుయే. ఆ ఏడాది నిర్వచనం మారింది. మాల్ట్ 50 శాతం ఉంటే చాలు, దాని బరువులో 5 శాతం దాకా పండ్లు, దినుసులు కలిపినా బీరే. కాబట్టి ఊరి బ్రూవరీ డబ్బా మీద హప్పోషు అని కనిపిస్తే నాసిరకమని పక్కన పెట్టేయకండి. పదార్థాల జాబితా చదివాకే నిర్ణయించుకోండి.

2020 అక్టోబరుకు ముందు 350 మిల్లీలీటర్ల బీరు మీద పన్ను 77 యెన్లు, మాల్ట్ లేని రకాల మీద 28 యెన్లు. అక్కణ్నుంచి దశలవారీగా తేడా తగ్గించుకుంటూ వచ్చారు. 2026 అక్టోబరు నుంచి అన్నింటికీ 54.25 యెన్లుగా చట్టంలో రాశారు. పన్నులో తేడా పోయాక పోటీ మళ్లీ రుచి మీదికే మళ్లాలి.

ఊరి ఈస్ట్, ఊరి పంట

జిబీర్లలో నాకు ఎక్కువ ఆసక్తి కలిగించేవి స్థానిక జీవజాలాన్ని వాడుకునేవి. ఇబరాకి జిల్లా నకా పట్టణంలోని కియుచి సంస్థ 1823 నుంచి సాకే తయారుచేస్తోంది. 1996లో గుడ్లగూబ బొమ్మతో హితాచినో నెస్ట్ బీరు మొదలుపెట్టింది. వాళ్లు కనెకో గోల్డెన్ అనే పాత జపాన్ బార్లీని మళ్లీ పండించి నిప్పోనియా అనే బీరులో వాడుతున్నారు. ఎర్రబియ్యంతో ఇంకో బీరు చేస్తారు. సైతామా జిల్లా కవగోయెలో కోయెదో సంస్థ అక్కడ పేరున్న చిలగడదుంపలతో బెనియకా అనే బీరు చేస్తుంది.

ఇసె పట్టణంలో 1575 నుంచి మోచి మిఠాయి అమ్ముతున్న దుకాణం వారసులే ఇసె కదోయ బీరు తయారుచేస్తున్నారు. అక్కడి అడవి నుంచి సేకరించిన ఈస్ట్‌తో వాళ్లు హిమె వైట్ అనే బీరు చేశారు. ఈస్ట్ మారితే ఇంత తేడా ఎందుకంటే, అది మద్యంతో పాటు సువాసన పదార్థాలనూ తయారుచేస్తుంది. అరటిపండు వాసన ఐసోఅమైల్ అసిటేట్ అనే ఎస్టర్‌ది. కొన్ని ఏల్ ఈస్ట్‌లు బార్లీ, గోధుమల్లోని ఫెరూలిక్ ఆమ్లాన్ని 4-వినైల్ గ్వాయకాల్‌గా మారుస్తాయి. లవంగం వాసన దానిదే. గోధుమ బీరులో లవంగం తగిలితే, ఎవరో లవంగాలు వేశారనుకోనక్కర్లేదు.

హాప్స్‌లో జపాన్ ప్రపంచానికి ఇచ్చిన పేరు సొరాచి ఏస్. సప్పోరో కంపెనీ దీన్ని 1984లో రూపొందించింది. నిమ్మగడ్డి, దేవదారు కలిసినట్టుండే ఆ ఘాటు వాసనకు అప్పటి జపాన్‌లో ఆదరణ లేకపోయింది. అమెరికా రైతులు, బ్రూవరీలు దాన్ని అందుకుని పేరు తెచ్చాక, 2019లో సప్పోరో కంపెనీ ఆ హాప్స్ ఒక్కదానితోనే సొరాచి 1984 అనే బీరును మార్కెట్లోకి తెచ్చింది.

రుచి చూసేవారికి

డబ్బా మీద నామా అని ఉంటే ఆ బీరును వేడిచేసి సూక్ష్మజీవులను చంపలేదని అర్థం. పెద్ద కంపెనీలు సన్నని ఫిల్టర్లతో ఈస్ట్‌ను తొలగిస్తాయి. చాలా ఊరి బీర్లలో ఈస్ట్ కొంత మిగిలే ఉంటుంది కాబట్టి వాటిని ఫ్రిజ్‌లోనే ఉంచాలి. సీసాను ఎండలో పెట్టకండి. వెలుతురు తగిలితే హాప్స్ చేదు పదార్థాలు విరిగి గంధకపు కంపు కొట్టే సమ్మేళనం పుడుతుంది. ముదురు గోధుమరంగు సీసాలు వాడేది అందుకే. లాగర్ చల్లగా బాగుంటుంది. ఏల్ మాత్రం ఫ్రిజ్‌లోంచి తీసి కాసేపు ఆగితేనే వాసనలు విచ్చుకుంటాయి. తేలికపాటి బీరుతో మొదలుపెట్టి చేదు, చిక్కదనం పెరిగే వరుసలో వెళ్లాలి. మధ్యమధ్య మంచినీళ్లు తాగాలి.

ఇదంతా శరీరం భరించే మేరకే. మద్యం కాలేయంలో మొదట అసిటాల్డిహైడ్‌గా మారుతుంది. దాన్ని హానిలేని అసిటేట్‌గా మార్చేది ప్రధానంగా ఏఎల్‌డీహెచ్2 అనే ఎంజైము. జపనీయుల్లో సుమారు 40 శాతం మందిలో ఆ జన్యువులోని మార్పు వల్ల ఈ ఎంజైము సరిగా పనిచేయదు. కొద్దిగా తాగినా ముఖం ఎర్రబడుతుంది, గుండె దడదడలాడుతుంది. వాళ్లు ఎక్కువగా తాగితే అన్నవాహిక క్యాన్సర్ ముప్పు బాగా పెరుగుతుంది. భారతీయుల్లో ఈ మార్పు చాలా అరుదు. అంతమాత్రాన మనకు మద్యం హాని చేయదని కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ మద్య పానీయాలను మనుషుల్లో క్యాన్సర్ కలిగించేవాటి జాబితాలో చేర్చింది. ముఖం ఎర్రబడిన సహోద్యోగిని ఇంకో గ్లాసు తాగమని ఒత్తిడి చేయకండి.

జపాన్‌లో చాలా డబ్బాల మీద స్వచ్ఛమైన ఆల్కహాల్ ఎన్ని గ్రాములో ముద్రిస్తారు. లేకపోతే లెక్క సులువే. 5 శాతం బీరు 350 మిల్లీలీటర్లంటే 17.5 మిల్లీలీటర్ల ఆల్కహాల్, దాన్ని 0.8తో గుణిస్తే 14 గ్రాములు. ఇక్కడ 20 ఏళ్లు నిండనివారు తాగకూడదు. తాగి సైకిల్ తొక్కినా 2024 నవంబరు నుంచి జైలుశిక్షకు వీలుంది. తాగే అలవాటు లేనివాళ్లు ఈ రుచుల కోసం కొత్తగా మొదలుపెట్టాల్సిన పనిలేదు. తాగేవాళ్లు ఆ గ్రాముల లెక్క చూసుకుని, చిన్న గ్లాసుతో ఆపి, రైల్లో ఇంటికి వెళ్లండి.