ఆట మానిపించకండి... తగ్గించండి!

డిసెంబరు వచ్చిందంటే మా దోమలగూడలో తెల్లారగట్ల రెండు రకాల ఆడపిల్లలు కనిపిస్తారు. పుస్తకాల సంచి భుజాన వేసుకుని అశోక్‌నగర్ కోచింగ్ సెంటర్లకో, చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీకో పరుగులు తీసేవాళ్లు ఒక రకం. ట్రాక్‌సూట్ వేసుకుని ఇందిరాపార్కుకో, గ్రౌండుకో పరుగులు తీసేవాళ్లు రెండో రకం. సంక్రాంతి ముగ్గులు వేసే రోజులొచ్చేసరికి ఈ రెండో రకం బాగా పలచబడిపోతారు. చలికి భయపడి కాదు. ఇంట్లో పెద్దవాళ్లు ఒక మాట అనేస్తారు... ‘‘పరీక్షలొస్తున్నాయి, ఈ మూడు నెలలూ ఆటలు కట్టిపెట్టు. తర్వాత చూద్దాం!’’

ఆ ‘చూద్దాం’ చాలామంది పిల్లలకి మళ్లీ రాదు.

మా అమ్మాయి 800 మీటర్ల పరుగు పరిగెత్తుతుంది. ఇప్పుడు డిగ్రీ రెండో ఏడు. ఇంటర్ రెండో ఏడులో ఉన్నప్పుడు మా ఇంట్లోనూ ఇదే పంచాయితీ. ‘‘ఇంటర్ సెకండియర్‌లో పరుగులేంటి వదినా? సీటు పోతే మళ్లీ వస్తుందా?’’ అని నారాయణగూడ నుంచి మా ఆడపడుచు వారానికోసారి ఫోన్ చేసేది. ఆవిడ అనడంలోనూ న్యాయం ఉంది. చదువు పోతే తిరిగి తెచ్చుకోవడం కష్టమే. కానీ ఆటా అంతే కదా! అందుకే ఈ రెండింటికీ పొత్తు ఎలా కుదురుతుందో కోచ్‌నీ, డాక్టరమ్మనీ అడిగి, చదివి తెలుసుకున్నాను. నాకు తెలిసింది నలుగురు తల్లులకీ చెబుదామనే ఇది రాస్తున్నాను.

మన కాలేజీ అమ్మాయే!

పెద్ద ఉదాహరణ కోసం ఎక్కడికో పోనక్కర్లేదు. ప్రపంచ చాంపియన్ నిఖత్ జరీన్ డిగ్రీ చదువు కోసం చేరింది మా దోమలగూడ ఎ.వి. కాలేజీలోనే. అదీ బి.ఏ.లో.

నిజామాబాద్‌లో నలుగురు ఆడపిల్లల ఇంట్లో మూడో అమ్మాయి నిఖత్. 1996లో పుట్టింది. మొదట్లో పరుగు పందేల్లో ఉండేది. గ్రౌండులో మగపిల్లలే బాక్సింగ్ చేయడం చూసి, ఆడపిల్లలెందుకు చేయరని తండ్రి జమీల్ అహ్మద్‌ను అడిగిందట. ఆయనే మొదటి గురువయ్యాడు. కూతురు మొదటిసారి మొహం వాచి ఇంటికొస్తే తల్లి పర్వీన్ సుల్తానా ఏడ్చేసిందని, ఈ పిల్లని ఎవరు చేసుకుంటారని బెంగపడిందని తర్వాత నిఖత్ ఎన్నోసార్లు చెప్పింది. పేరొస్తే పెళ్లికొడుకులే వరస కడతారని ఆ పిల్లే తల్లిని ఓదార్చిందట!

2009లో విశాఖపట్నంలోని ‘సాయ్’ శిక్షణ కేంద్రంలో ద్రోణాచార్య ఐ.వి.రావు దగ్గర చేరింది. 2011లో టర్కీలో జూనియర్ ప్రపంచ చాంపియన్ అయ్యింది. అప్పటికి ఇంకా పదిహేనేళ్లు కూడా నిండని పిల్ల. ఇక అన్నీ విజయాలే అనుకుంటాం. కానీ 2017లో భుజం గాయం దాదాపు ఏడాదిపాటు ఆమెను రింగుకి దూరం చేసింది. 2019 డిసెంబరులో ఒలింపిక్ అర్హత పోటీల జట్టు కోసం జరిగిన సెలక్షన్ బౌట్‌లో మేరీ కోమ్ చేతిలో 9-1 తేడాతో ఓడిపోయింది. మన పిల్లలకి ఇలాంటివి జరిగితే ‘ఇక చాల్లేమ్మా’ అనేస్తాం. ఆమె అలా అనుకోలేదు. 2022 ఫిబ్రవరిలో, బల్గేరియా గడ్డకట్టే చలిలో జరిగే స్ట్రాండ్జా టోర్నీలో స్వర్ణం గెలిచింది. అదే ఏడాది మే నెలలో ఇస్తాంబుల్‌లో 52 కిలోల విభాగంలో ప్రపంచ చాంపియన్. మన దేశం నుంచి ఆ ఘనత సాధించిన అయిదో మహిళ. 2023లో ఢిల్లీలో 50 కిలోల విభాగంలో మళ్లీ చాంపియన్. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో పతకం రాలేదు. అయినా ఆ ఏడాదే తెలంగాణ ప్రభుత్వం ఆమెకు డీఎస్పీ ఉద్యోగం ఇచ్చింది.

అందరు పిల్లలూ నిఖత్‌లు కాలేరు, నిజమే. కానీ ఆమె కథలో మనకి పనికొచ్చే ముక్క ఒకటుంది. దెబ్బ తగిలినా, ఓడినా ఆటతో తెగతెంపులు చేసుకోలేదు. తెగిపోనివ్వకపోవడమే అసలు సంగతి.

పూర్తిగా మానేస్తే ఏమవుతుంది?

కష్టపడి సంపాదించిన దమ్ము ఎంత త్వరగా జారిపోతుందో తెలిస్తే ఆశ్చర్యమేస్తుంది. సాధన పూర్తిగా ఆపేస్తే రెండు మూడు వారాలకే గుండె, ఊపిరితిత్తుల సామర్థ్యం తగ్గడం మొదలవుతుంది. మూడు నెలలు ఆపిన పిల్ల ఏప్రిల్‌లో గ్రౌండుకెళ్తే, తనకంటే చిన్నవాళ్లు దాటి వెళ్లిపోతుంటారు. ఎండలూ ముదురుతాయి. ఆ చిన్నతనం భరించలేక చాలామంది అక్కడే మానేస్తారు.

కానీ తగ్గిస్తే అలా కాదు! అమెరికాలో 1980ల మొదట్లో హిక్సన్ అనే పరిశోధకుడు ఒక ప్రయోగం చేశాడు. వారానికి ఆరు రోజులు, రోజుకి 40 నిమిషాల చొప్పున పది వారాలు కొందరితో సాధన చేయించి, ఆ తర్వాత కొందరికి నాలుగు రోజులకీ, కొందరికి రెండు రోజులకీ తగ్గించాడు. పదిహేను వారాల తర్వాత చూస్తే, వారానికి రెండు రోజులే చేసినవాళ్లలోనూ ప్రాణవాయువును వాడుకునే శక్తి దాదాపు అలాగే నిలిచింది! ఒకటే షరతు... రోజులు తగ్గించినా జోరు తగ్గించకూడదు. జోరు తగ్గించి చూసినప్పుడు మాత్రం శక్తి జారిపోయింది. కండరాల బలానికైతే వారానికి ఒక్కసారి గట్టిగా వ్యాయామం చేసినా కొన్ని నెలలు నిలబడుతుందని తర్వాతి పరిశోధనలు తేల్చాయి.

పదిహేను వారాలంటే సుమారు మూడున్నర నెలలు. డిసెంబరు మొదటి నుంచి ఇంటర్ పరీక్షలు అయ్యేదాకా లెక్కేసుకోండి, సరిగ్గా సరిపోతుంది!

అయితే ఇది ఉన్నది నిలబెట్టుకునే లెక్కే. పతకం గెలిచే లెక్క కాదు. ముందు పోటీలు ఉంటే కోచ్ చెప్పిందే వినాలి.

మా ఇంట్లో ఇలా సర్దుకున్నాం

మంగళవారం సాయంత్రం ముప్పావుగంట గ్రౌండులో. పదిహేను నిమిషాలు ఒళ్లు వేడెక్కించుకోవడం, తర్వాత 200 మీటర్లు జోరుగా ఆరుసార్లు, మధ్యలో విశ్రాంతి, చివర నెమ్మదిగా నడక. శనివారం పొద్దున అరగంట కాస్త గట్టి పరుగు. గురువారం ఇంట్లోనే ఇరవై నిమిషాలు గుంజీలు, ప్లాంక్, మెట్లెక్కడం. మొత్తం కలిపి వారానికి రెండు గంటలు కూడా కాదు. ఒక సినిమా చూసే టైము!

‘ఆ రెండు గంటలూ చదువుకోవచ్చుగా’ అంటారా? ఎనిమిది గంటలు కూర్చుని చదివే పిల్లకి ఆ కాసేపు పరుగు విశ్రాంతే. ఆ రాత్రి నిద్ర బాగా పడుతుంది. ఒక్క నియమం మాత్రం పెట్టాను. నిద్ర తగ్గించి మాత్రం ఆట వద్దు, చదువూ వద్దు. ఈ వయసు పిల్లలకి ఎనిమిది గంటల నిద్ర కావాల్సిందే. నిద్ర చాలకపోతే దెబ్బలూ ఎక్కువ తగులుతాయి, చదివిందీ నిలవదు.

చలితో జాగ్రత్త

జనవరిలో మన హైదరాబాద్‌లో ఆరూముప్పావు దాటితే గానీ సూర్యుడు రాడు. ఒకరోజు అయిదున్నరకే బయల్దేరితే మా అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ ‘‘గింత చలిల, గింత చీకట్ల ఎటు పోతున్నరమ్మా?’’ అన్నాడు. నిజమే, చీకట్లో ఒంటరిగా ఆడపిల్లని పంపలేం. కుక్కల బెడద కూడా ఉంటుంది. చలికాలంలో సాధన సాయంత్రానికి మార్చుకోవడం మంచిది. కాదూ పొద్దున్నే కావాలంటే నలుగురు పిల్లలు కలిసి వెళ్లాలి. మాకు ఇందిరాపార్కు దగ్గరే. 76 ఎకరాల తోట. తెల్లారాక నడిచేవాళ్ల సందడి ఉంటుంది కాబట్టి భయం లేదు.

చలిలో కండరాలు బిగుసుకుని ఉంటాయి. లేచిన వెంటనే జోరుగా పరిగెడితే పట్టేస్తాయి. మామూలు రోజుల్లో పది నిమిషాల వార్మప్ చాలనుకుంటే ఇప్పుడు పదిహేను, ఇరవై నిమిషాలు చేయాలి. నిలబడి కాళ్లు సాగదీయడం కంటే ముందు నడక, మెల్లని పరుగు, మోకాళ్లు పైకెత్తడం మేలు. సాగదీసేవన్నీ చివర్లో.

చలికాలం పొద్దుటిపూట పొగ, దుమ్ము పైకి లేవకుండా నేలకి దగ్గరగానే ఉండిపోతాయి. అందుకే లోయర్ ట్యాంక్‌బండ్ లాంటి రోడ్డు పక్కన పరుగు వద్దు, చెట్లున్న చోటికి వెళ్లండి. పరుగు అయ్యాక పిల్లికూతలు, ఆగని దగ్గు వస్తుంటే ‘చలి’ అని వదిలేయకుండా డాక్టరుకి చూపించండి. ఇన్‌హేలర్ వాడుతూనే పెద్ద పోటీల్లో గెలిచిన క్రీడాకారులు ఎందరో ఉన్నారు.

దాహం వేయదు కదా అని నీళ్లు మానొద్దు. చెమట కనిపించకపోయినా పోతూనే ఉంటుంది.

తిండి, రక్తం, నెలసరి

మన దేశంలో 15-49 ఏళ్ల ఆడవాళ్లలో 57 శాతం మందికి రక్తహీనత ఉందని 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది. పరిగెత్తే పిల్ల త్వరగా ఆయాసపడుతుంటే బద్ధకం అనకండి, హిమోగ్లోబిన్ పరీక్ష చేయించండి. తోటకూర పప్పు, శనగలు, గుడ్డు, తినేవాళ్లయితే మాంసం, కాలేయం పెట్టండి. పప్పు మీద నిమ్మకాయ పిండితే అందులోని ఇనుము ఒంటికి బాగా పడుతుంది. భోజనం చేసిన వెంటనే టీ తాగితే పట్టదు. చలికి టీలు పెరిగే రోజులు కాబట్టి ఇది గుర్తుంచుకోండి.

ఇంకో మాట... సాధన ఎక్కువై, తిండి చాలక నెలసరి ఆగిపోతే కొందరు పిల్లలు ‘హమ్మయ్య’ అనుకుంటారు. అది ప్రమాద ఘంటిక. ఎముకలు బలహీనపడతాయి. మూడు నెలలు రాకపోతే తప్పనిసరిగా డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలి. ఈ సంగతి పిల్ల కోచ్‌కి చెప్పలేదు. తల్లే అడగాలి.

మరి కాలేజీ?

ఆట ఆడితే ఇంజినీరింగ్ సీటు వచ్చేస్తుందని కొందరు అనుకుంటారు. స్పోర్ట్స్ కోటా అర శాతం. అంటే రెండొందల సీట్లకి ఒకటి! అదీ ఆడిన స్థాయిని బట్టి. దాన్ని నమ్ముకుని చదువు వదిలేయకూడదు. అలాగని కాగితాలు నిర్లక్ష్యం చేయకూడదు. జాతీయ పాఠశాల క్రీడల్లో ఆడితే ఫారం-4, అంతర్ విశ్వవిద్యాలయ పోటీల్లో ఆడితే ఫారం-3, రాష్ట్రం తరఫున జాతీయ పోటీల్లో ఆడితే ఫారం-2, దేశం తరఫున ఆడితే ఫారం-1... ప్రభుత్వోద్యోగాల్లో క్రీడాకారుల కోటాకి అడిగేవి ఇవే. తెలంగాణలో ఆ కోటా రెండు శాతం. ఆడిన వెంటనే సంతకం, సీలు వేయించుకోండి.

పోటీలకి వెళ్లేముందు కాలేజీకి ఉత్తరం రాసి, అనుమతి కూడా రాతలోనే తీసుకోండి. 75 శాతం హాజరు దగ్గర ఆ కాగితమే ఆదుకుంటుంది. మా అమ్మాయికి ఒక జూనియర్ కాలేజీలో నోటిమాటగా ‘వెళ్లిరా’ అన్నారు. తీరా వచ్చాక గైర్హాజరు వేశారు.

కాలేజీ ఎంచుకునేటప్పుడు పేరుతో పాటు దూరం కూడా చూడాలి. నగరం చివర ఒక ఇంజినీరింగ్ కాలేజీలో మా అమ్మాయికి సీటు వచ్చింది. రానూపోనూ మూడు గంటల బస్సు. నిద్ర ఎనిమిది, కాలేజీ ఏడు, బస్సు మూడు... ఇక చదువుకీ ఆటకీ తిండికీ మిగిలేది ఆరు గంటలే. కాగితం మీద రాసి చూపిస్తే తనే ఇంటికి దగ్గర్లో డిగ్రీ చేస్తానంది. డిగ్రీ అయ్యాక పీఈసెట్ రాసి రెండేళ్ల బి.పి.ఇడి. చేయొచ్చు. మా దోమలగూడలోనే ప్రభుత్వ వ్యాయామ విద్యా కళాశాల ఉంది. ఇంటర్‌తోనే డి.పి.ఇడి.కీ వెళ్లొచ్చు. కోచ్ కావాలనుకుంటే పటియాలా ఎన్.ఐ.ఎస్.లో డిప్లొమా ఉంది. కాదనుకుంటే అశోక్‌నగర్ కోచింగులు ఎలాగూ ఉన్నాయి. పరుగు అలవాటున్న పిల్లకి పోలీసు ఉద్యోగాల దేహదారుఢ్య పరీక్ష కూడా అంత భయం కాదు.

మా ఆడపడుచు ఇప్పటికీ పూర్తిగా ఒప్పుకోలేదు లెండి. అయినా పోయిన నెల తన కూతురి బూట్ల సైజు చెప్పి, ఏవి మంచివని అడిగింది!

అందుకే తల్లులందరికీ నా మాట ఒకటే. ఈ చలికాలం మీ అమ్మాయి పుస్తకాలు ముందేసుకుని కూర్చున్నా, తన బూట్లు మాత్రం అటకెక్కించకండి. గుమ్మం పక్కనే ఉండనివ్వండి. వారానికి రెండుసార్లు వాటిలో కాళ్లు పెడితే చాలు!