"నేనే" అంటే సరిపోతుందా?

ఫోను మోగుతుంది. ఎత్తి "ఎవరూ?" అంటాం. అవతలినుంచి "నేనే" అని జవాబు వస్తుంది. అంతే, మాటలు సాగిపోతాయి. మన ఇళ్ళలో ఫోనులో పేరు చెప్పుకునేవాళ్ళు తక్కువ. భర్త చెప్పడు, కొడుకు చెప్పడు, అత్తగారు అసలే చెప్పరు. చెబితే మనమే నొచ్చుకుంటాం, గొంతు పోల్చుకోలేననుకున్నారా అని! పక్క గదిలో దగ్గు వినబడితే అది మామగారిదో, మరిదిదో పోపు వేస్తూనే చెప్పేస్తాం. గొంతే మనకు సంతకం.

ఆ సంతకాన్ని ఫోర్జరీ చేసే యంత్రాలు ఇప్పుడు వచ్చాయి. కృత్రిమ మేధ అని రోజూ పేపర్లో చదువుతున్నాం కదా, దానికి వచ్చిన విద్యల్లో ఇదొకటి. అది ఉత్తరాలు రాస్తుంది, పిల్లల లెక్కలు చేసిపెడుతుంది. వాటి సంగతి అలా ఉంచి ఇవాళ ఈ గొంతు సంగతే చెప్పుకుందాం.

గొంతును అనుకరించడం మనకు కొత్తేమీ కాదు. నేరెళ్ళ వేణుమాధవ్ గారు ఎందరి గొంతులతోనో మాట్లాడి సభల్ని మురిపించారు. దాని వెనుక ఏళ్ళ సాధన ఉంది. యంత్రం దారి వేరు. టైలరుకు మనం ఆది జాకెట్టు ఇస్తాం చూడండి. వేల జాకెట్లు కుట్టిన చేతికి ఆ ఒక్కటీ చాలు, మన కొలతలు పట్టేస్తుంది. ఇదీ అంతే. 2023 జనవరిలో మైక్రోసాఫ్ట్ పరిశోధకులు వాల్-ఇ అనే ప్రోగ్రాం వివరాలు ప్రకటించారు. దానికి ముందుగా వేలమంది మాట్లాడిన ఇంగ్లీషు మాటలు, 60 వేల గంటలవి, వినిపించారు. ఊపిరి ఎక్కడ తీసుకుంటారు, మాట ఎక్కడ సాగదీస్తారు, ప్రశ్న వేసేటప్పుడు స్వరం ఎలా పైకి లేస్తుంది, ఇవన్నీ అది వేలసార్లు విని పట్టుకుంది. ఆపైన ఒక కొత్త మనిషి గొంతు 3 సెకన్లు వినిపిస్తే చాలు, ఆ మనిషి ఎన్నడూ అనని మాటలు ఆ గొంతుతోనే పలికింది. మూడు సెకన్లంటే "అమ్మా, బాగున్నావా, భోంచేశావా" అనేంత సేపు! ఆ ప్రోగ్రాంను వాళ్ళు బయటికి ఇవ్వలేదు గానీ, అలాంటి పని చేసేవి వేరేవాళ్ళవి బజారులోకి వచ్చేశాయి.

దీంతో మేలు లేదని కాదు. అప్పటి అమెరికా ప్రతినిధుల సభ సభ్యురాలు జెనిఫర్ వెక్స్‌టన్‌కు జబ్బు చేసి మాట్లాడడం కష్టమైపోయింది. ఆమె పాత ప్రసంగాల రికార్డులతో గొంతు తయారుచేస్తే, 2024 జూలైలో దానితోనే సభలో ప్రసంగించింది. అలాగే చనిపోయిన ఇద్దరు గాయకుల గొంతులు రెహమాన్ గారు 2024లో పాటలో వాడారు. కుటుంబాల అనుమతి తీసుకుని, పారితోషికం కూడా ఇచ్చామన్నారు. అదే ఏడాది, బాలసుబ్రహ్మణ్యం గారి గొంతును ఒక తెలుగు సినిమాలో తమను అడక్కుండా వాడారని కుమారుడు చరణ్ లీగల్ నోటీసు పంపారు. తేడా అంతా ఆ అడగడంలోనే ఉంది.

మోసగాడు ఎవర్ని అడుగుతాడు? పెళ్ళి వీడియోలోనో, పిల్లాడు పెట్టిన రీల్లోనో గొంతు దొరికితే చాలు. కావలసిన మాటలు టైపు చేస్తే అవి మన అబ్బాయి గొంతులో వినబడతాయి. "అమ్మా, యాక్సిడెంటు చేశాను, పోలీసులు పట్టుకున్నారు, వెంటనే డబ్బు వెయ్యి, నాన్నకు చెప్పకు." గొంతు అచ్చంగా కలవనక్కర్లేదు. ఏడుపు, లైను గరగర, మన గుండెదడ, ఈ మూడూ కలిసి మిగతాది పూర్తిచేస్తాయి. తొందరపెట్టడం, ఎవరికీ చెప్పొద్దనడం, ఈ రెండూ వినబడితే అక్కడే ఆగండి. ఫోను పెట్టేసి, మీ దగ్గరున్న నంబరుకు మీరే చెయ్యండి. తెరమీద అబ్బాయి నంబరే కనబడినా సరే, నంబరును కూడా దొంగగా చూపించగలరు. దొరక్కపోతే వాడి స్నేహితుడికో, కోడలికో చెయ్యండి. తప్పుకు కోప్పడేది మీవారే అయినా, ఆయనకు చెప్పి తీరండి.

డబ్బు పంపేశాక తెలిస్తే ఏడుస్తూ కూర్చోకుండా 1930 నంబరుకు ఫోను చెయ్యాలి. సైబరు మోసాలకు అది దేశమంతటికీ ఒకే నంబరు. బ్యాంకుకూ చెప్పాలి. డబ్బు ఒక ఖాతానుంచి మరో ఖాతాకు గబగబా పరుగెత్తుతుంది కాబట్టి, ఎంత త్వరగా చెబితే ఆపే అవకాశం అంత ఎక్కువ.

ఇవన్నీ కంగారులో గుర్తుంటాయా అంటే, ఉండవు. అందుకే ఇంటికొక గుర్తుమాట పెట్టుకోమంటాను. అందరూ కలిసి అన్నాలు తింటున్నప్పుడే అనుకోవాలి. ఫోనులో డబ్బు మాట వస్తే ఆ మాట అడగాలి, అంతే. ముద్దుపేర్లు, పుట్టినరోజులు పనికిరావు, అవి ఫేస్‌బుక్కులో ఉంటాయి. అత్తగారిని గుర్తుమాట అడగడమేమిటని మొహమాటపడేవాళ్ళూ ఉంటారు. అలాంటి ఇంట్లో ఆ మాట ఎంచే పని ఆవిడకే అప్పగించండి. పుట్టింటి గేదె పేరో, పాత వీధిలో పాలు పోసినావిడ పేరో చెబుతారు. ఫేస్‌బుక్కుకు ఎక్కని సంగతులు ఆవిడ దగ్గరున్నన్ని మన దగ్గర లేవు.