వంతెన అతుకుల దగ్గర నీరు

మస్కట్‌లో ఏడాదికి కురిసే వాన సుమారు 100 మిల్లీమీటర్లు. ఇంత పొడి దేశంలో వంతెన స్లాబుకు జలనిరోధక పొర ఎందుకన్న సందేహం సహజమే. అయితే ఆ కొద్దిపాటి వానా ఒక్కసారిగా కుంభవృష్టిగా పడుతుంది. 2007 జూన్‌లో గోను తుఫాను ఒమాన్ తీరానికి చూపింది అదే. తక్కిన రోజుల్లో సముద్రపు గాలి మోసుకొచ్చే ఉప్పు రోడ్డు మీద పేరుకుని, రాత్రి మంచుకు తడుస్తుంది. కాంక్రీటులోని కడ్డీలకు మంచినీటి కంటే ఈ ఉప్పునీరే ప్రమాదకరం. క్లోరైడు కడ్డీని చేరితే తుప్పు మొదలవుతుంది. ఇనుముకంటే కనీసం రెట్టింపు చోటు ఆక్రమించే ఆ తుప్పు కాంక్రీటును లోపలినుంచి పగలగొడుతుంది.

ఆ నీరు ఎక్కువగా దిగేది జాయింట్ల దగ్గర. వేడికి వ్యాకోచించి చలికి సంకోచించే స్లాబుకు సందు వదలక తప్పదు. 100 మీటర్ల స్లాబు 40 డిగ్రీల తేడాకు సుమారు 40 మిల్లీమీటర్లు కదులుతుంది. ఒమాన్ ఎండ సామాన్యమైనది కాదు: 2018 జూన్ 26న ఖురయ్యాత్‌లో కనిష్ఠ ఉష్ణోగ్రతే 42.6 డిగ్రీలు!

జాయింటు కారితే అందరూ రబ్బరు పట్టీనే అనుమానిస్తారు. నీటికి మరో దారి కూడా ఉంది. మిద్దె ఇల్లు నడిమధ్యకంటే పిట్టగోడ మొదట్లోనే ముందు కారుతుంది. వంతెనదీ అదే తీరు. తారు పూర్తిగా నీరాగే పదార్థం కాదు. దానిలోంచి ఇంకిన నీరు జలనిరోధక పొర మీదుగా వాలువైపు జారి, జాయింటును పట్టి ఉంచే గట్టి దిమ్మ దగ్గర ఆనకట్టకు తగిలినట్టు ఆగుతుంది. బండి చక్రం పడినప్పుడల్లా ఆ నీటిపై ఒత్తిడి పెరుగుతుంది. పొర అంచు అక్కడ సరిగా అతుక్కోకపోతే నీరు దానికిందికి దూరుతుంది.

ఆ అంచు తరచూ చెడేది నిర్మాణ సమయంలోనే. చాలాచోట్ల సందును తాత్కాలికంగా మూసి, దాని మీదుగా తారు పరిచి, ఆపై రంపంతో కోసి జాయింటు బిగిస్తారు. రంపం వేలెడు లోతు ఎక్కువ దిగితే తారుతోపాటు పొరా తెగుతుంది. అందుకే కోత లోతును ముందే కొలిచి నిర్ణయించాలి. పొర అంచును దిమ్మకింది కాంక్రీటు దాకా కొనసాగించి అతికించాలి. ఎగువ పక్కన, తారు అడుగున, సన్నని కాలువ పెట్టి నీటిని గొట్టంలోకి మళ్లించాలి. ఆ గొట్టం బేరింగుల మట్టానికి దిగువ దాకా సాగకపోతే నీరు వాటిమీదే పడుతుంది. వంతెనకు ఇది చిన్న ఖర్చే. బేరింగులు మార్చాలంటే మాత్రం స్లాబునే జాకీలతో ఎత్తాలి.

చిన్న వంతెనలకు జాయింటే లేకుండా స్లాబునూ చివరి గోడలనూ ఏకంగా పోతపోసే పద్ధతి ఉంది. పొడవైన వాటికి అది కుదరదు. అక్కడ తనిఖీకి వచ్చేవారు రోడ్డు మీదకంటే ముందు కిందికి దిగి స్తంభాల తలలు చూడాలి. తెల్లని సున్నపు చారలుంటే నీరు దిగుతోందన్నమాట. గోధుమరంగు చారలు కనిపిస్తే ఉప్పు ఇప్పటికే కడ్డీని చేరి ఉండవచ్చు.