జీపు ఎత్తు - ఇల్లాలి లెక్క

మౌలాలి యనగానే జంటనగరముల స్త్రీలకు రెండు సంగతులు స్ఫురించును. ఒకటి రాతికొండపై వెలసిన దర్గా. రెండవది ఆ కొండకు బోవు త్రోవలోని కమాను. ఆ కమాను రాతికట్టడము. ఆ దారుల దిరుగు జీపులకును, లారీలకును గూడ కమానులు గలవు. అవి ఉక్కు పట్టీల కట్టలు. బండి చట్రమునకును ఇరుసునకును నడుమ వంగియుండి బరువునంతయు మోయునవి యవియే. పారసీకమున కమాననగా విల్లు. రాతిదానికిని, ఉక్కుదానికిని ఒకే పేరు వచ్చుటలో వింతలేదు. వంపే రెండింటికిని బలము.

ఈ నెల మేము వ్రాయదలచినది ఆ ఉక్కు కమానును గూర్చియే. స్త్రీల పత్రికలో జీపు ప్రసంగమేల యని కొందరు సోదరీమణులు నవ్వవచ్చును. కాని డబ్బుపెట్టె తాళపుచెవి మన కొంగున నున్నంతకాలము, అందుండి వెలుపలికి బోవు ప్రతి రూపాయియు మన విషయమే. ఆ బండిలో గూర్చుండువారును మన బిడ్డలే గదా!

మేమెరిగిన యొక కుటుంబము మౌలాలిలో గలదు. ఆ యింటి చిన్నకుమారుడు పాతజీపు నొకదానిని కొనెను. సెలవుదినములలో మిత్రులతో గలిసి వికారాబాదు దాపున అనంతగిరి వైపు మట్టిదారులలో దిరిగి వచ్చుట అతనికి వేడుక. ఒకమారు బండరాయి యొకటి బండి యడుగును గీసెను. మరునాడే యతడు వదినగారిని సమీపించి, "వదినా, బండిని నాలుగంగుళములు లేపించవలెను. పెద్ద ఖర్చు గాదు" అనెను. ఆమె కూడబెట్టినది పిల్లల బడిజీతముల సొమ్ము. మరిది ముచ్చట కాదనలేక అందులో కొంత యిచ్చెను.

పని చౌకగానే ముగిసెను. కమానులలో అదనపు పట్టీలు చేర్చి, వాని కొనలనుండు షాకిళ్లను పొడవు చేసిరి. బండి ఠీవిగా నిలిచెను. కాని రెండు వారములు గడువకముందే లోపములు బయటపడెను. అత్తగారు బండి యెక్కలేకపోయిరి. మలుపులలో బండి ప్రక్కకు ఒరగసాగెను. త్రిప్పిన స్టీరింగు తనంత తాను వెనుకకు రాదాయెను. ఒకనాడు ముందుచక్రము గుంటలోనికి దిగియుండగా, ప్రక్కన నిలిచియున్న వదినగారికి ఆ చక్రము వెనుక నొక నల్లని రబ్బరు గొట్టము వీణతంత్రివలె బిగిసియుండుట కానవచ్చెను. అదేమని యడుగగా బ్రేకు గొట్టమని తేలినది. చట్రమును పైకి లేపినవారు గొట్టమును మార్చుట మరచిరి. చక్రము మరికొంచెము దిగినచో అది తెగియుండెడిది. దైవకృపవలన ఎవరికిని హాని కలుగలేదు. కాని ఆ పనిని విప్పించి సరిచేయించుటకు మొదటి ఖర్చునకు రెండింతలయ్యెను.

సొమ్మిచ్చుటకు ముందు ఆమె అడుగదగిన ప్రశ్న లేవి? ఇట్టి కోరిక రేపు మరియొక యింట పుట్టవచ్చును గనుక, మాకు తెలిసిన సంగతులను సోదరీమణుల ముందుంచుచున్నాము.

ఎద్దుబండికి కమానులు లేవు. దాని కుదుపు ఎట్టిదో మన పెద్దల నడుములకు బాగుగా తెలియును. 1804లో ఆంగ్లదేశమున ఒబడయా ఎలియట్ అను బండ్ల పనివాడు ఉక్కు పట్టీలను అండాకారముగా గూర్చి గుఱ్ఱపుబండ్ల కమర్చు విధమునకు పేటెంటు పొందెను. 1941లో యుద్ధమునకై అమెరికాలో తయారైన విల్లీస్ జీపునకును పట్టీల కమానులే యుండెను. 1947 నుండి మహీంద్రావారు బొంబాయిలో ఆ జీపులను గూర్చసాగిరి. అటుపిమ్మట వచ్చిన వారి జీపులలో పెక్కింటికిని, 1985లో వచ్చిన మారుతి జిప్సీకిని నాలుగు చక్రముల కడను ఇట్టి కమానులే. 2010లో వచ్చిన థారు రకములలో కొన్నింటికి వెనుక పట్టీలును, ముందు మెలిపడు కడ్డీలును గలవు. మేము చెప్పబోవునది పట్టీల బండ్లను గూర్చియే కావున, మీ యింటి బండి యేరకమో మొదట విచారింపుడు.

కమాను కట్టలో ఒక పొడవైన పట్టీయు, దానితో గూర్చిన క్రమముగా పొట్టివైన పట్టీలును ఉండును. కట్టనంతయు యూ బోల్టులతో ఇరుసునకు బిగింతురు. ఒక కొనను చట్రమునకు నేరుగా తగిలించి, రెండవ కొనను షాకిలు అను ఊగు లింకునకు తగిలింతురు. బరువు పడి వంపు తగ్గినపుడు పట్టీ కొన ముందునకు జరుగవలెను గనుక ఆ యూగు అవసరము. ఏండ్లు గడచుకొలదియు, మితిమీరిన బరువు మోసినకొలదియు పట్టీల వంపు శాశ్వతముగా తగ్గిపోవును. పాతజీపు అడుగు నేలకు తగులుటకు తరచుగా నిదియే హేతువు. అది పొట్టిదై పుట్టలేదు, కాలక్రమమున కుంగినది.

మన యింట నవారుమంచము కుంగినచో ఏమి చేయుదుము? కోళ్లక్రింద ఇటుకలు పెట్టము; నవారు బిగింతుము. జీపు విషయమునను మొదటి వైద్యమదియే. సమతలమైన నేలపై బండిని నిలిపి, ప్రతి చక్రపు నడిమిబొడ్డునుండి దాని మీది మడ్గార్డు అంచువరకు టేపుతో కొలువుడు. కుడియెడమల కొలతలు వేరైనను, పట్టీల వంపు తగ్గి చదునైనట్లు కనబడినను, కమానులు కుంగినవని గ్రహింపవచ్చును. అప్పుడు వానిని విప్పించి, పగిలిన పట్టీలను మార్చి, తక్కినవానికి తొలి వంపు తెప్పించుట చౌకయైన పని. నగరమున లారీ కమానులు బాగుచేయువారు ఈ పనియే చేయుదురు. అచ్చట నడుగవలసిన ప్రశ్న యొకటి గలదు: "పట్టీని చల్లగా కొట్టి వంచుదురా, కాల్చి వంచుదురా?" కాల్చినచో పట్టీనంతయు సమముగా కాల్చి, నూనెలో ముంచి, మరల తగిన వేడిలో పదునుపెట్టవలెను. గ్యాసుమంటతో ఒకచోట మాత్రము కాల్చి వంచినచో ఆచోట ఉక్కు పదును పోవును. అట్టి కమాను కొలదికాలములోనే కుంగును, లేదా విరుగును.

ఇక ఉన్నదానికంటె ఎత్తు పెంచు పద్ధతులు. కట్టలో ఒక పట్టీని అదనముగా చేర్చుట యొకటి. ఇందువలన ఒకటి రెండంగుళములు లేచును. కాని కమాను బిరుసెక్కి, ప్రయాణము ఎద్దుబండి ప్రయాణమును తలపించును. షాకిలును పొడవుచేయుట రెండవది. దీనిలో ఒక గణితము గలదు. షాకిలు రెండంగుళములు పెరిగినచో బండి లేచునది ఒక యంగుళమే. ఏలయన కమాను రెండవ కొన కదలక యుండును. అదియునుగాక ఇరుసు కొంచెము తిరిగిపోవును. ముందు ఇరుసు అటుల తిరుగుటచేతనే స్టీరింగు తనంత తాను వెనుకకు రాకుండుట సంభవించును. కమాను ఇరుసుపై కూర్చున్న బండ్లలో ఆ రెండింటి నడుమ ఇనుప దిమ్మె పెట్టుట మూడవది. దీనిని వెనుక చక్రములకడ మాత్రమే చేయవచ్చును. ముందు ఇరుసునకు ఎన్నడును చేయరాదు. బ్రేకు వేసినపుడు భారము ముందునకు వచ్చి దిమ్మె కదలవచ్చును. దిమ్మెపై దిమ్మె పేర్చుట, కొయ్యముక్క పెట్టుట ప్రాణాపాయకరములు. నాల్గవది, ఇరుసుక్రింద నుండు కమానును ఇరుసుపైకి మార్చుట. చూచుటకిది చౌక, బండి చాల ఎత్తు లేచును. కాని స్టీరింగు కడ్డీల వాలు, ప్రొపెల్లరు షాఫ్టు కోణము, బ్రేకు గొట్టముల పొడవు అన్నియు మారును. వానిని సరిచేయకుండ విడిచిన ఆ చౌక చౌక కాదు.

యువకులు తరచుగా మరచు సంగతి యింకొకటి గలదు. కమానులు పెంచినపుడు పైకి లేచునది చట్రము; ఇరుసు కాదు. ఇరుసు నడుమ గుండ్రముగా ఉబ్బియుండు డిఫరెన్షియలు మునుపటి యెత్తుననే యుండును. రాయి తగులునది అచ్చటనైనచో, కమానులపై పెట్టిన సొమ్ము బూడిదలో పోసిన పన్నీరే. దానిని లేపునది పెద్ద టైరు ఒక్కటియే. 28 అంగుళముల ఎత్తుగల టైరు తీసి 30 అంగుళములది వేసినచో ఇరుసు లేచునది ఒక యంగుళము. అప్పుడు స్పీడు మీటరు తక్కువ చూపును. బండి 60 కిలోమీటర్ల వేగమున బోవుచుండగా మీటరులో ఇంచుమించు 56 కనబడును. బ్రేకులకును శ్రమ యెక్కువగును. కావున "బండికి రాయి తగిలినదెచ్చట?" అను ప్రశ్న అన్నిటికంటె ముందడుగదగినది.

బండి ఒరుగుటకు కారణమును సులభముగా గ్రహింపవచ్చును. పీటపై గూర్చున్న పిల్లవాడు పడడు. అంతే వెడల్పుగల ఎత్తైన స్టూలుపై గూర్చున్నవాడు పడును. చక్రముల నడిమి వెడల్పు మారక భారకేంద్రము మాత్రము పైకి పోవుటయే దీనికి మూలము. భారకేంద్రము నేలనుండి 28 అంగుళముల ఎత్తున నున్నదనుకొందము. అది 31 అంగుళములకు పెరిగినచో, పొరలకుండ నిలుచు శక్తి నూటికి పదిపాళ్లు తగ్గును. మలుపున ఆ పదిపాళ్ల విలువ ఎంతయో తల్లులకు చెప్పనక్కరలేదు.

చట్టమునుగూడ తెలిసికొనుట మంచిది. 1988వ సంవత్సరపు మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను ప్రకారము, రిజిస్ట్రేషను పత్రములోని వివరములు తయారుచేసినవారు నిర్ణయించినవానికి భిన్నమగునట్లు యజమాని బండిని మార్పరాదు. 2019 జనవరి 9వ తేదీన సుప్రీంకోర్టువారు ఈ నియమమును స్థిరపరచిరి. ఆ యేటనే చేసిన సవరణ ప్రకారము, అనుమతిలేని మార్పునకు ఆరునెలలవరకు కారాగారవాసము గాని, మార్పొక్కటికి 5,000 రూపాయల జరిమానా గాని, రెండును గాని విధింపవచ్చును. ప్రమాదము జరిగిన నాడు భీమా విషయమునను చిక్కులు రావచ్చును. కుంగిన కమానును తొలి వంపునకు తెచ్చుట మరమ్మతు. అంతకుమించి మార్పదలచినవారు పనికి ముందే రవాణా కార్యాలయమున విచారించుట యుక్తము.

ఇక కొద్దిపాటి సొమ్ముతో ఏ వరుసను పని సాగింపవలెను? మా సలహా యిది. మొదట కమానులను బాగుచేయించి, అరిగిన రబ్బరు బుష్షులను మార్పింపుడు. విప్పిన పాత యూ బోల్టులను మరల వాడక క్రొత్తవి వేయింపుడు. కొన్ని దినములు నడచినపిమ్మట వానిని మరల బిగింపుడు. ఈ పనితోనే చాల బండ్లకు కావలసిన యెత్తు తిరిగి వచ్చును. పిమ్మట టైర్లను చూడుడు. అరిగిన టైరుతో ఎత్తైన బండి నడుపుటకంటె మంచి టైరుతో పొట్టిబండి నడుపుట మేలు. బురదలోను, ఇసుకలోను టైరు గాలి కొంత తగ్గించినచో పట్టు పెరుగును. దీనికి ఖర్చేమియు లేదు. కాని తారురోడ్డు ఎక్కుటకు ముందు గాలి మరల నింపితీరవలెను. ఇంకను ఎత్తు కావలెనన్నచో చట్టము సమ్మతించినంతమేరకు ఒకటి రెండంగుళములతో తృప్తిపడుట మంచిది. అప్పుడును తగిన పొడవుగల షాక్ అబ్జార్బర్లు, బ్రేకు గొట్టములు, చక్రముల అలైన్‌మెంటు అను వీని ఖర్చును మొదటి లెక్కలోనే చేర్చవలెను. వానికి సొమ్ము చాలనిచో, బండిని లేపుటకే సొమ్ము చాలలేదని తెలిసికొనుడు.

పని ముగిసిన దినమున ఇల్లాలు స్వయముగా చేయదగిన పరీక్ష యొకటి గలదు. ఒక్కొక్క చక్రము పూర్తిగా క్రిందికి వ్రేలాడునట్లు చట్రమును జాకీతో ఎత్తించి, దిమ్మెలు పెట్టించి, ప్రక్కనుండి బ్రేకు గొట్టమును చూడవలెను. అది వదులుగా నుండవలెను. బండిక్రిందికి మాత్రము ఎవరును దూరరాదు. పిదప స్టీరింగును ఈ కొననుండి ఆ కొనకు త్రిప్పించి, గొట్టము టైరునకు రాచుకొనుట లేదని చూడవలెను. ఇందుకు చదువక్కరలేదు, కన్నులున్న చాలును.

మేము పైన చెప్పిన యింట జీపు నేడు తన తొలి యెత్తుననే యున్నది. కమానులు క్రొత్త వంపు తేరినవి. అత్తగారు మునుపటివలె ముందుసీటున గూర్చుండి వచ్చుచున్నారు. ఆ మరిది ఇప్పుడును మట్టిదారులకు బోవుచునే యున్నాడు. బయలుదేరుటకు ముందు, "వదినా, ఒక్కసారి చూచెదవా?" అని పిలుచును. ఆమె పమిట నడుమునకు చెక్కుకొని, వంగి నాలుగు చక్రములకడను చూచి వచ్చును. పిల్లల బడిజీతములకై పొదుపు మరల మొదలుపెట్టినది.

వేడుకలను కాదనుట గృహిణీధర్మము కాదు; కన్నులు మూసికొని సొమ్మిచ్చుటయు కాదు. ఎందుకని యడిగి, ఎంతయని లెక్కించి, ఎట్లు చేసిరో చూచి మరి యిచ్చుట మన ధర్మము. కావున సోదరీమణులారా, మీ యింటి యువకుడు "బండిని లేపించెదను" అనినపుడు కోపింపకుడు. టేపు చేతికిచ్చి, ముందు కొలిచి రమ్మనుడు.