వారసులు వెళ్లిపోయిన సమాధులకు ఆ నలుగురు

తమిళనాడు తేని జిల్లాలోని చిన్నమనూరు దాటి కంబం మీదుగా కుమిళి కొండెక్కితే కేరళ. ఆ దారి కొచ్చి వైపు దిగుతుంది. కొచ్చిలోనూ, చుట్టుపక్కల ఊళ్లలోనూ వందల ఏళ్లు యూదులు బతికారు. 1948లో ఇజ్రాయెల్ ఏర్పడ్డాక దాదాపు అందరూ అక్కడికి తరలిపోయారు. సమాధులు ఇక్కడే ఉండిపోయాయి.

త్రిశూర్ జిల్లా మాళలోని యూదులు 1955లో వెళ్లిపోతూ ప్రార్థనాలయాన్నీ శ్మశానాన్నీ పంచాయతీకి అప్పగించారు. శ్మశానాన్ని కాపాడాలని ఒప్పందం రాయించుకున్నారు. తర్వాతి కాలంలో ఆ స్థలంలో కొంత ఆటస్థలానికి పోయింది. అది తప్పని నిలదీసినవాళ్లు యూదులు కారు, అక్కడి మలయాళీలే. పరిరక్షణ సమితిగా ఏర్పడి ఏళ్ల తరబడి ఆ ఒప్పందాన్ని గుర్తుచేస్తూ వచ్చారు.

ఆ పట్టుదల విలువ తెలియాలంటే యూదుల ఆచారం తెలియాలి. వాళ్ల సంప్రదాయంలో దహనం లేదు. ఒకసారి మట్టిలో పడుకోబెట్టాక ఆ చోటు ఎప్పటికీ ఆ మనిషిదే. చాలా అరుదైన కారణాలకు తప్ప ఎముకలను కదిలించరు.

చనిపోయినవారిని సాగనంపే పని హెవ్రా కడిషా అనే సేవాబృందానిది. ప్రాగ్‌లో ఇలాంటి బృందం 1564 నాటికే ఉంది. మగవారికి మగవాళ్లు, ఆడవారికి ఆడవాళ్లు స్నానం చేయిస్తారు. కడుగుతున్న భాగం తప్ప ఒళ్లంతా కప్పే ఉంచుతారు. ఆ తర్వాత ఇరవై లీటర్లకు పైగా నీటిని ధార తెగకుండా పోస్తారు. శవం మీదుగా ఒకరికొకరు ఏ వస్తువూ అందించుకోరు. పక్కన నిలబడి ఊసుపోక కబుర్లు చెప్పుకోరు. తొడిగేది జేబుల్లేని తెల్లబట్ట. కలవాడికైనా లేనివాడికైనా అదే బట్ట. పని ముగిశాక చనిపోయినవారిని పేరు పెట్టి పిలిచి, తమ వల్ల ఏ లోపం జరిగినా మన్నించమని వేడుకుంటారు. బదులు తీర్చలేని మనిషికి చేసే ఉపకారం కాబట్టి దీన్ని అన్నిటికన్నా నిజమైన దయగా భావిస్తారు. అనాథ ప్రేతానికి సంస్కారం చేస్తే యజ్ఞఫలమని మన పెద్దలు అనలేదూ!

పాడె మోయడానికి నలుగురు కావాలంటాం మనం. యూదులకు చనిపోయినవారి కోసం కద్దిష్ ప్రార్థన చదవాలంటే సంప్రదాయం ప్రకారం పదిమంది మగవాళ్లు కావాలి. కొచ్చిలోని మట్టాంచేరిలో ఆ పదిమంది స్థానికంగా దొరకని రోజులు ఎప్పుడో వచ్చేశాయి. అక్కడి చివరితరం యూదులకు ముసలితనంలో తోడుగా నిలిచినవాళ్లలో ముస్లిం ఇరుగుపొరుగులు ఉన్నారు. ఈ కథలో నన్ను అన్నిటికన్నా కదిలించింది అదే.

చెన్నపట్నం సంగతి మరింత బాధాకరం. గోల్కొండ వజ్రాల కోసం పోర్చుగీసు యూదు వర్తకులు అక్కడ స్థిరపడ్డారు. వారిలో జాక్ ది పైవా 1687లో చనిపోతే పెద్దనాయకన్‌పేటలో పాతిపెట్టారు. తెలుగు పేరున్న పేట అది. పగడాల వ్యాపారుల పేరుతో ఒక వీధి ఇప్పటికీ జార్జిటౌన్‌లో ఉంది. సమాధిరాళ్లు మాత్రం ఒకచోట నిలవలేదు. పలుచోట్లకు మారి 1983లో లాయిడ్స్ రోడ్డు శ్మశానానికి చేరాయి. కదిలించకూడదని నమ్మినవాళ్లకు ఎన్ని కదలికలు!

మన గుంటూరు ప్రాంతంలో, చేబ్రోలు దగ్గరి కొత్తరెడ్డిపాలెంలో, తెలుగు మాట్లాడే బెనె ఎఫ్రాయిం యూదులున్నారు. 1990ల తొలినాళ్లలో ప్రార్థనామందిరం కట్టుకున్న సమూహం వాళ్లది. చెన్నపట్నం రాళ్ల యోగక్షేమం అడగడానికి వాళ్లు ఉన్నారు, మనమూ ఉన్నాం.

పరాయివాడి సమాధిని మనదనుకోవడం చిన్నమనూరు వైపు కొత్త కాదు. ముల్లపెరియార్ ఆనకట్ట కట్టించిన పెన్నీక్విక్ పుట్టినరోజున, జనవరి 15న, తేని జిల్లాలో పొంగలి వండుతారు. 1911లో పోయిన ఆయన సమాధి ఇంగ్లండ్‌లోని ఫ్రిమ్లీలో ఉంది. దాన్ని వెతుక్కుంటూ కంబం లోయ మనుషులు అంతదూరం వెళ్లారు. యూదుల సమాధులకు అంతదూరం పోనక్కర్లేదు, కొండ దిగితే చాలు.

కేరళలోని చేందమంగళంలో 1269 నాటి సారా బత్ ఇజ్రాయెల్ సమాధిఫలకం ఉంది. దాని మీది హీబ్రూ అక్షరాలను ఈనాటికీ చదవగలుగుతున్నాం. కాపాడేవాళ్లుంటే రాయి అంతకాలం నిలుస్తుంది. మిగతాచోట్ల చేయాల్సిన పని పెద్దదేం కాదు: ముళ్లకంప కొట్టడం, గోడ నిలబెట్టడం, అరిగిపోకముందే రాతలను నకలు తీసుకోవడం. మాళలో 1955 నాటి మాట పంచాయతీ ఇచ్చింది కాబట్టి, దాన్ని నిలబెట్టమని అడిగే హక్కు అక్కడ ఓటున్న ప్రతి ఒక్కరికీ ఉంది.